ఒరిజినల్స్

నైట్ డ్యూటీలో రెండు దాటినాక
సెలైన్ చుక్కలు తప్ప ఏదీ కదలదు.
అప్పుడు తెరుస్తాం ఫోను,
మందుల ట్రాలీ మీద, దూది డబ్బాకి ఆనించి,
సౌండు చీమ నడిచినంత.

కొరియా సీరియలు, తెలుగు డబ్బింగు.
ఆకాశం నించి స్నానానికి దిగొచ్చిన పిల్ల
రెక్కల చీర గట్టున పెట్టి నీళ్లలోకి దిగితే
కట్టెలు కొట్టేవాడు దాచేసిన పాతకాలం కథే.
ఇప్పుడు వాడు కట్టెలు కొట్టడం లేదు.
ఇరవయ్యో అంతస్తులో ఆఫీసు, మోకాళ్ల దాకా కోటు,
వాన వచ్చిన ప్రతిసారీ చేతిలో గొడుగు.
ఆ పిల్ల అదే బిల్డింగు కింద
లాండ్రీలో ఇస్త్రీ చేస్తా ఉంటుంది,
తన బట్ట ఏదో ఒక రోజు ఉతుక్కి రాకపోతుందా అని.

"ఎంత బాగుండాడు మే!" అంటుంది నగరి వళ్లి.
నాకు వాడి మొహం కంటే
వాడి వెనకుండే లాకరు మీదే చూపు.

నా రెక్కలు కూడా ఒకడి దగ్గరుండాయి.
టెన్త్ మార్కుల లిస్టు, ఇంటరు,
బీఎస్సీ నర్సింగు నాలుగేండ్లవీ, రిజిస్ట్రేషను, టీసీ.
నీలం ప్లాస్టిక్ ఫైలు. మూలన మా నాయన పేరు
స్కెచ్ పెన్నుతో నేనే రాసింది.
గ్రౌండ్ ఫ్లోరు, హెచ్చార్ రూము, పచ్చ బీరువా, కింది అర.
చేరిన రోజు "వెరిఫికేషన్‌కి, రెండ్రోజులే" అన్నారు.
ఇది పందొమ్మిదో నెల.
బయటికి పోవాలంటే లక్షా ఇరవై వేలు,
లేదంటే ఇంకో పదిహేడు నెలలు.

కథలో ఆ మడుగు ఆచూకీ చెప్పింది జింకంట.
మాయలేడి కాదు, మామూలు జింకే.
వేటగాడి నించి కాపాడినందుకు
రుణం తీర్చుకునిందంట,
తన ప్రాణానికి ఇంకొకరి రెక్కలు జమ కట్టి.
నా జింక మా కాలేజీ సీనియరు.
పుంగనూరులో బస్సెక్కించి తిరుపతికి పిలుచుకొచ్చింది,
"మంచి ఆస్పత్రి మే, హాస్టలు ఫ్రీ" అని.
తలకి రెండు వేలంట, తర్వాత తెలిసింది.
తన ఫైలూ అదే బీరువాలో ఉందని
ఇంకా తర్వాత తెలిసింది.

తొమ్మిదో బెడ్డు చెంగమ్మకి తుంటి ఆపరేషను, నిద్ర పట్టదు.
"ఏందిమే ఆడ చూస్తా ఉండారు, నాకూ చెప్పకూడదా?"
బీపీ చూస్తా చెప్తాను, రోజుకొక ఎపిసోడు.
"చీర ఎత్తుకుపోయినోణ్ణే పెండ్లి చేసుకునిందా?"
"చేసుకునింది అవ్వా."
"పోలీసోళ్లు లేరా ఆ ఊర్లో?"
వళ్లి నవ్వాపుకోలేక కర్టెన్ వెనక్కి పోయింది.

నిన్న ఆఖరి ఎపిసోడు.
వాడు ఏడ్చినాడు. మంచు పడతా ఉంటే మోకాళ్ల మీద కూచుని
రెండు చేతుల్తో రెక్కలిచ్చేసినాడు.
ఆ పిల్ల తొడుక్కునింది. జానెడు ఎత్తు లేచింది.
కిందికి చూసింది. దిగింది.
విప్పి, మడిచి, వాడి బీరువాలోనే పెట్టింది.
రెడ్డిరాణి మాస్కుతో కండ్లు తుడుచుకునింది.
నాకూ నీళ్లొచ్చినాయి, అబద్ధం చెప్పను,
ఆ మ్యూజిక్ అట్లాంటిది.

చెంగమ్మకి చెప్తే చాలాసేపు ఫ్యాను వైపు చూసింది.
"మడత పెట్టిన బట్ట చిమటలకేమే" అనింది.
"ఎగరకపోతే పోయె,
దండెం మీదన్నా ఆరేసుకోవాల గదా."

ఐదింటికి మేడ మీదికి పోయినా.
కొండమీద ఘాటు రోడ్డు దీపాలు
ఎవరో పైకి లాగతా లాగతా
మధ్యలో వదిలేసిన తాడు మాదిరి.

ఎనిమిదికి డ్యూటీ అప్పజెప్పి
హాస్టలుకి పోకుండా హెచ్చార్ రూము ముందర కూచున్నా.
తాళాలాయన తొమ్మిదిన్నరకి గానీ రాడు.
పొట్టిగా ఉంటాడు. కోటు లేదు, గొడుగు లేదు,
స్కూటరుకి తగిలించిన టిఫిన్ క్యారియరు.
తెల్లకాగితం మీద
"ఒక్కసారి చూసుకుని మళ్లీ ఇచ్చేస్తాను సార్" అని రాసినా.
కొట్టేసినా.
"నావి నాకియ్యండి" అని రాసినా.

పక్క కుర్చీ కిర్రుమనింది.
సీనియరు. నా మొహం చూడలేదు,
నా కాగితం చదివింది.
కొంచేపటికి చెయ్యి చాపింది:
"పెన్నిస్తావా మే?"