గాలికి వదిలేసిన పిల్లలు

మెరిమాక్ నది ఒడ్డున మా సర్కారు బడి
నూలు మిల్లులు తిరిగే రోజుల్లో కట్టింది.
కిటికీలు నిలువెత్తున ఉంటాయి గానీ
ఒక్కటీ తెరుచుకోదు.
పదేళ్లకోసారి ఎవరో వచ్చి
రెక్కనీ చట్రాన్నీ కలిపేసి తెల్లరంగు పూసి పోయారు.
పొర మీద పొర.
మూసిన మనిషంటూ లేకుండానే మూసుకుపోయాయి.

ఆగస్టులో వుతీ రంగు గీకే కత్తి పట్టుకుని నిచ్చెనెక్కాడు.
"నలభై మూడు" అన్నాడు మాస్కు లోపల్నుంచి.
వయసు చెప్తున్నాడనుకున్నాను.
కిటికీల లెక్కట.

నేను నర్సుని కాను, నర్సు గదిలో సాయం చేసేదాన్ని.
నుదుటికి తుపాకీలాంటిది గురిపెట్టి
గుడ్ మార్నింగ్ చెప్పే ఉద్యోగం.
రోజుకి మూడొందల నుదుళ్లు.
కనుబొమల్ని బట్టి పేర్లు నేర్చుకున్నాను.
యారిట్సావి కలిసిపోయి ఉంటాయి,
క్వెకూకి ఎడమవైపు చిన్న గాటు.

"మీ అమ్మాయికి నూటొకటి ఉందండీ, వచ్చి తీసుకెళ్లండి."
ఫోన్లో అవతల గోదాము బెల్టు కదులుతున్న చప్పుడు.
"మూడింటికి షిఫ్టు దిగుతాను. ఇప్పుడొస్తే రేపు పనుండదు."
అప్పటికి పదీ ఇరవై.
నియమాల కాగితంలో ఈ జవాబుకి గడి లేదు.
యారిట్సా వెనక గదిలో, పాత కప్పుల బీరువా పక్కన
మూడింటి దాకా కూర్చుంది.
తలుపుకి ఇవతల నేనూ కుర్చీ వేసుకున్నాను.
అద్దానికి చెరో కాగితం ఆనించి
చుక్కలూ గడులూ ఆడాం,
నా గీత తను దించుకుని, తన గీత నేను దించుకుని.
జ్వరంతోనే గెలిచింది.

నవంబరుకి పదిహేడు కిటికీలు.
గదిలో ఊపిళ్లు లెక్కపెట్టే చిన్న పెట్టె ఒకటి ఇచ్చారు.
రెండో తరగతిలో పద్నాలుగొందలు చూపించేది.
వుతీ రెక్క పైకి తోయగానే
పదకొండొందలు, తొమ్మిదొందలు, ఆరొందల యాభై,
రాకెట్టు వదులుతున్నట్టు అరిచేవాళ్లు పిల్లలు.

తర్వాత చలి.
కోట్లు విప్పకుండానే తీసివేతలు చేశారు.
పెన్సిలు పట్టు దొరకాలని
టీచరు కత్తెరతో గ్లవ్సుల వేళ్లు కత్తిరించింది.
ఒకాయన గేటు దగ్గర నిలబడి
"నా కొడుకుని మంచులో కూర్చోబెడతారా" అని కేకలేశాడు.
ఆయన తప్పూ కాదు.

మా భాషలో గాలి సోకిందంటే
వేపమండలకి పరిగెడతారు.
గాలికి వదిలేశారంటే
కన్నవాళ్లని తిడతారు.
ఆ చలికాలం మూడొందల మందిని
మేం గాలికే వదిలేశాం,
అరచేతులు బొబ్బలెక్కేలా చెక్కి చెక్కి,
అంత జాగ్రత్తగా.

అందరూ బాగున్నారని మాత్రం రాయలేను.
ఆరో నంబరు బస్సు తోలే డెల్రాయ్
జనవరిలో రెండు రోజులు సెలవడిగాడు.
ఇప్పుడా బస్సు వేరే అతను తోలుతున్నాడు,
హారన్ రెండుసార్లు కొట్టడు.
వుతీ మూడు వారాలు పడున్నాడు.
లెక్క ఇరవై ఆరు దగ్గర ఆగింది.
తిరిగొచ్చాక మూడో మెట్టు మీద కూర్చుండిపోయి
ఊపిరి దొరికే దాకా నది వైపు చూసేవాడు.
నిచ్చెన గట్టిగానే ఉండేది.
అయినా కింద పట్టుకునేదాన్ని.

ఈ వేసవిలో రంగులవాళ్లొచ్చారు.
తెల్ల డబ్బాలు, రోలర్లు, పాటల రేడియో.
వుతీ రిటైరైపోయాడు.
ఎవరూ చెప్పకుండానే టేపు చుట్ట తీసుకుని
రెక్కకీ చట్రానికీ మధ్య సందు మీద
ఒక్కొక్కటిగా అంటించుకుంటూ పోయాను.
నలభై రెండు.

చివరిది వుతీకే లొంగలేదు.
రోలరు పట్టుకున్న కుర్రాడు దాన్ని తట్టి చూసి
"ఇదసలు తెరుచుకుంటుందా?" అన్నాడు.
నీ దగ్గర కత్తుందా, అని అడిగాను.