పద్నాలుగో సీసా

పొద్దున్నుంచి పదమూడు సీసాలు నిండాయి.
లేబుళ్ళ మీద నా రాత చెమటకి అలుక్కుపోతోంది.
పద్నాలుగోది, అంతర్వేది దారిలో
ఓలేటి మంగాయమ్మ గారి చేతిపంపు.

"కాసేపు కొట్టి వదిలెయ్యాలమ్మా,
నిలవనీళ్ళు పోవాలి" అన్నాను.
"మంచినీళ్ళు పోయే ఆరేళ్ళయింది, ఇంకేం పోతాయి?"
అంటూనే కొట్టింది, చీరకుచ్చెళ్ళు దోపుకుని.

మీటరు ముంచితే అంకెలు కాస్త తడబడి
నాలుగువేల రెండొందల దగ్గర నిలబడ్డాయి.
రాసుకున్నాను.

నిరుడు ఈ పెరటి పక్కనే గొట్టం దింపాం.
పసుపు ఇసక, సన్న ఇసక,
కాటుకలాంటి బంకమట్టి ఇరవై అడుగులు,
దాని కింద గుప్పెడు గుల్లలు.
ఒకప్పుడు ఒడ్డు ఇక్కడే అని
మా సారు ఒక గుల్ల జేబులో వేసుకున్నారు.
గోదారి ఏళ్ళకేళ్ళు మట్టి తెచ్చిపోసి
నెట్టేసిన సముద్రం
రొయ్యల చెరువుల మోటార్లు లాగుతుంటే
చప్పుడు లేకుండా
కిందనించి వస్తోంది.

టీ పెట్టింది. పాలు పొయ్యగానే విరిగింది.
"అయ్యో, అలవాటున పంపునీళ్ళు పోసేశాను"
అని పారబోసి,
ఇరవై రూపాయల క్యాను వంచింది.
అడుగున మిగిలిన గ్లాసుడూ నాకే.

ఫారంలో క్లోరైడుకి గడి ఉంది,
కాఠిన్యానికి ఉంది, లోతుకి ఉంది.
విరిగిన టీకి లేదు.
'ఇతర వివరాలు' దగ్గర పెన్ను పెట్టి
చాలాసేపు అలాగే ఉండి
తీసేశాను.

బండి స్టార్ట్ చేస్తుంటే గుమ్మంలోంచి కేకేసింది:
"మూత గట్టిగా బిగించావా బాబూ?
దారిలో ఒలికిపోద్ది."