సముద్రమట్టం

ఎంటోటో కొండ దిగి, అడుగు మలుపులో
యాక్సిలరేటర్ మీద కాలెయ్యగానే
వెనక అద్దంలో అడిస్ అబాబా మాయమయ్యేది.
నీలం పొగ.
దోమల మందు కొట్టే బండిలా
నా ముప్ఫైతొమ్మిదేళ్ళ లాడా టాక్సీ.
చర్చి నుంచి వస్తున్న ముసలామె
ముక్కుకి నెతెలా చెంగు అడ్డం పెట్టుకుని
"నాయనా, తోలుతున్నావా, తగలేస్తున్నావా?" అంది.

మెర్కాటోలో షెడ్డువాడు గేజీ బిగించాడు.
నాలుగు సిలిండర్లలోనూ ఎనిమిదిన్నర.
"పదకొండు దాటాలి. రింగులు పోయాయి,
ఇంజను దించాలి, బోరు కొట్టాలి."
అతను చెప్పిన అంకె
బండి అమ్మినా రాదు.

వుబిషెత్‌ని చూడమన్నది డెజెనే.
డెబ్భై దాటిన మనిషి. షెడ్డంటూ లేదు,
రేకు కింద ఒక గుంట, ఒక బల్ల, ఒక చెక్కపెట్టె.
ఒకప్పుడు మసావాలో యుద్ధనౌక అడుగున
ఇంజన్ల మధ్య పనిచేశాడట.
ఆ ఓడ ఇప్పుడు లేదు. ఆ రేవు మా దేశంలోనే లేదు.

బానెట్ ఎత్తలేదు. ముందు అడిగాడు:
"పొగ ఎప్పుడు?"
పొద్దున స్టార్ట్ చెయ్యగానే గుప్పెడు.
"తర్వాత?"
కొండ దిగి మళ్ళీ తొక్కినప్పుడు.
"ఎక్కేటప్పుడు?"
ఆలోచించాను.
మూడేళ్ళుగా దిగులు పడ్డానే గాని
ఎక్కేటప్పుడు అద్దంలోకి చూసిన గుర్తే లేదు.
మళ్ళీ వెళ్ళి, ఎక్కి, చూసి వచ్చాను.
లేదు.

పొగగొట్టంలో వేలు పెట్టి, మసి తీసి
పోపు మాడిందో లేదో చూసినట్టు వాసన చూశాడు.
గేజీ బిగించాడు. ఎనిమిదిన్నర.
ప్లగ్గు రంధ్రంలో చెంచాడు నూనె పోసి
మళ్ళీ తిప్పించాడు.
ఎనిమిదీ ముప్పాతిక.
"రింగులే పోయుంటే ఈ నూనెకి ముల్లు గంతెయ్యాలి.
పదకొండన్న లెక్క సముద్రం ఒడ్డుది బాబూ,
మనమేమో ఎనిమిదివేల అడుగుల ఎత్తున.
ఇక్కడ గాలే పల్చన.
పీల్చుకున్నదేగా ఇంజను నొక్కేది!
మెట్లెక్కి ఆయాసపడిన వాడికి
ఊపిరితిత్తులు కోస్తారా ఎవరైనా?"

తప్పు వాల్వు సీళ్ళది.
దిగేటప్పుడు నోరు నొక్కేసిన ఇంజను
దొరికిందల్లా పీలుస్తుంది,
వాల్వు కాడ వెంట జారే నూనెతో సహా.

"తాడుందా?"
టాప్ మీద సామాను కట్టే నూలుతాడు ఇచ్చాను.
ప్లగ్గు రంధ్రంలోకి మూర, రెండు మూరలు,
పాముని పుట్టలోకి సాగనంపినట్టు పంపి
క్రాంకు చేత్తో తిప్పాడు.
లోపల పిస్టను లేచి, తాడు ఉండని పరుపు చేసి
వాల్వులు కింద పడకుండా పట్టుకుంది.
హెడ్డు విప్పకుండానే పని!
స్ప్రింగు నొక్కి, నెలవంకల్లాంటి రెండు తాళాలు తీసి
సీలు పీకితే
చింతగింజ.
గోరు దిగలేదు.

ఐదో వాల్వు దగ్గర ఒక తాళం ఎగిరింది.
ఇద్దరం మోకాళ్ళ మీద: గుంటలో, టైర్ల కింద,
నా చొక్కా జేబులో.
కాఫీ పోస్తున్న ట్సిగెరెడా
వేయించిన బార్లీ నములుతూ నములుతూ ఆగి
బుగ్గలోంచి ఏదో తీసింది.
"ఈ గింజ నలగట్లేదు, మీదేనా?"

మర్నాడు కూడా కాస్త పొగ.
"సైలెన్సర్లో పాత బాకీ. తీరనీ" అన్నాడు.
మూడోరోజు కొండ దిగి, మలుపులో
కావాలనే గట్టిగా తొక్కాను.
అద్దంలో యూకలిప్టస్ చెట్లు,
నీళ్ళడబ్బాల గాడిద, గొడుగు కింద పూజారి,
ఎక్కడివక్కడే.

డబ్బివ్వడానికి వెళితే గేజీ తుడుస్తున్నాడు,
శుభ్రమయ్యాక కూడా, చాలాసేపు.
"అక్కడైతే నా బండికి ఎంత చూపించేది?"
"పదకొండున్నర."
తలెత్తలేదు.
స్పానరు మాత్రం ఉత్తరం వైపు తిరిగింది.