మిద్దె మీద గురువారాలు

'తొమ్మిదో మెట్టు' మళ్ళీ వస్తుందంట.
ఉలవపాడు సెంటర్లో సపోటా బుట్టలు దించుకుంటా
మస్తానమ్మ చెప్పింది,
ఎవరికో పెళ్ళి కుదిరినట్టు.
రేపు గురువారమే. రాత్రి ఏడున్నరకే.

ముప్పై మూడేళ్ళ కిందట
సుభాషిణి తలుపు గడియ మీద చెయ్యి వేసింది.
బయట ఎవరో మూడుసార్లు తట్టారు.
అక్కడ ఆపేశారు.
వచ్చే వారం చేపల పెంపకం గురించి వేశారు.
ఆ పై వారం కూడా చేపలే.

అప్పట్నుంచీ ఆ చెయ్యి గడియ మీదే ఉంది.
ఊళ్ళో ఎవరి లెక్క వాళ్ళది.
బయట ఉంది తమ్ముడని టైలర్ రమీజా,
కాదు, మొగుడేనని రైలు గేటుకాడ వెంగయ్య,
పోస్టుమేన్ రా, మనియార్డరు తెచ్చాడని
జన్మలో ఒక్క మనియార్డరూ అందుకోని మా నాయన.
రోశమ్మత్త ఒంగోలు ఆస్పత్రిలో
ముక్కు మీది గొట్టం పక్కకు జరిపి అడిగింది,
'తీసిందా ఆ పిల్ల?'
తీసిందని చెప్పాను.
ఎవరని అడగలా.

అసలు సంగతి చెప్పాలి.
నేను సుభాషిణిని చూడలా.
ఒక్క వారం కూడా.

కండక్టర్ జిలానీ గారింట్లో షట్టరున్న టీవీ,
వసారా నిండా జనం, గడపలో చెప్పుల కుప్ప.
పన్నెండేళ్ళవాణ్ణి, బక్కగా ఉంటానని
నన్ను మిద్దె ఎక్కించేవాళ్ళు.
ఇనప గొట్టాన్ని వాటేసుకుని
మద్రాసు వైపు తిప్పితే అరవం,
ఒంగోలు వైపు తిప్పితే చీమలు,
రెంటికీ నడాన, వేలెడంత సందులో
తెలుగు.
'వచ్చిందా?'
'రాలా!'
'ఇప్పుడో?'
'ఇంకాస్త... ఆ, ఆ... పోయింది, పోయింది రా నాయనా!'
మళ్ళీ తిప్పితే,
'వచ్చింది! కదలబాక!'

అరగంట కదల్లా.
తూర్పు నుంచి ఉప్పు గాలి, తోటల్లో గబ్బిలాలు,
స్టేషన్లో ఆగకుండా పోయే గూడ్సు,
వాటి కిందుగా సుభాషిణి గొంతు.
ఆమె మెట్లు దిగుతుంటే లెక్కపెట్టేవాణ్ణి,
ఎనిమిది వినపడేవి.
తొమ్మిదోది ఎప్పుడూ చప్పుడయ్యేది కాదు.
ఆమె ఏడిస్తే వసారా అంతా ముక్కు చీదేది.
గొట్టం వణికేది,
గాలి వల్లో, నా వల్లో.

దిగొచ్చాక మాలకొండమ్మవ్వ
చెంగులో దాచిన బొరుగుల ఉండ చేతిలో పెట్టి
నేను చూడనిదంతా చూపించేది.
'ఇయ్యాల నీలం చీర కట్టిందిరా అబ్బయ్యా.
నెమలి మెడ నీలం. అంచు పసుపు.'
ఆ టీవీలో రంగుల్లేవని నాకూ తెలుసు, అవ్వకూ తెలుసు.
ఆ మాట మేమిద్దరం ఎత్తలా.

ఇప్పుడు నా ఇంట్లో గోడంత టీవీ.
యాంటెనా గొట్టానికి కాకర తీగ పాకింది.
జిలానీ గారి కొడుకు వసారా కడిగించాడు,
అందరం అక్కడే చూడాలంట.
కుర్చీలొద్దు, చాపలే పరవమని వెంగయ్య పట్టు.
ఆ పాత ఆవిడే వేస్తుందని ఒకరు,
కాదంట, ఆవిడ చెల్లెలంట అని ఇంకొకరు.
'ఎవరైతే ఏంది,
ఆ చెయ్యి ఎంత నొప్పెట్టుంటదో,
ముందు తలుపు తియ్యనీండి' అని మస్తానమ్మ.

అవ్వకిప్పుడు ఎనభై ఏడు.
చూపు పోయి నాలుగేళ్ళు.
సాయంత్రం నా అరచెయ్యి తడిమి
గొట్టం పట్టిన కాయ ఇంకా ఉందేమోనని వెతికి
'రేపు నా పక్కన కూచో' అంది.
'మాటలు నాకు వినపడతాయిలే.
నువ్వు చూసి చెప్పు.'

చూడ్డం నాకు చేత కాదవ్వా,
నాది మిద్దె పని, అనబోయాను.

తలుపు బయట ఎవరున్నా నాకు దిగుల్లేదు.
ఆమె మొహం చూడాలంటేనే
కాళ్ళల్లో నీళ్ళు దిగుతుండాయి.

అర్ధరాత్రి నిద్ర పట్టక మిద్దె ఎక్కాను.
ఇంకో గూడ్సు పోయిందాకా ఆగి
'నెమలి మెడ నీలం, అవ్వా' అని
పైకే అని చూసుకున్నాను.
గొంతు కుదరలా.
కాస్త మద్రాసు వైపు తిరిగి
మళ్ళీ అన్నాను.