యాభై దగ్గర గీత

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
కిటికీ సందులకు అంటించిన టేపు మీద కూడా మసి.
ఉప్పు వేసిన పాల టీ ఒక గుక్క తాగి
నొమిన్‌తూయా తెర మీద పేట మార్చింది,
ఊరి నడిమి అపార్ట్‌మెంట్ల నుంచి
కొండవాలు గుడారాలకు.

పొగ కడ్డీలు లేచాయి.
సరే, లేస్తాయని తెలుసు.
ఎర్రగీత కూడా లేచింది.

మళ్లీ నొక్కింది.
అపార్ట్‌మెంట్లు: గీత కిందికి.
గుడారాలు: గీత పైకి,
పెద్దమనిషి వస్తే లేచి నిలబడ్డట్టు.

ఎవరో గీతను సగటులోంచి పుట్టించారు.
ఏ పేట నొక్కితే ఆ పేట సగటు,
దానికి ఇంత కలిపి, ఇదే హద్దన్నారు.
ఏ ఎండకా గొడుగు పట్టే హద్దు.

ఎవరో అంటున్నాను గానీ
రాసింది నేనే.
ఆకులు రాలే రోజుల్లో, రేపు గడువనగా,
బొమ్మ బోసిగా ఉందని.

తన కంచె మీద మా సెన్సార్ పెట్టుకోనిచ్చిన
జంబల్‌దోర్జ్‌కి
నా లెక్కన నూట ఎనభై మామూలే.
అతని చిన్నపిల్ల దగ్గు
పక్క గుడారం దగ్గుతో పోలిస్తే
హద్దులోనే ఉంది.
మూడు నెలలుగా ఆ వాలు మీదికి
ఒక్క హెచ్చరికా వెళ్లలేదు.

నొమిన్‌తూయా నన్ను తిట్టలేదు.
"మా నాయనమ్మ ఏడాదికి నాలుగుసార్లు గుడారం విప్పేది,
గడ్డి ఎక్కడుంటే అక్కడికి.
ఎక్కడ వేసినా వాకిలి దక్షిణానికే" అంది,
అని కప్పు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఫార్ములా తెరిచాను.
పేట, తేదీ, గంట,
వడపోతలన్నీ చెప్పులు విడిచి
బయటే నిలబడేలా రాశాను.
లోపల ఒక్క అంకె.
యాభై.
మేయరు ఆఫీసు నుంచి నొక్కినా యాభై,
మంచు కురిసి గాలి తేటపడ్డ రోజున నొక్కినా,
ఎవరూ నొక్కకపోయినా.

ఆగిపోయిన హెచ్చరికలన్నీ
ఆ రాత్రి ఒక్కసారే వెళ్లాయి.
జంబల్‌దోర్జ్ ఫోను పొయ్యి పక్కన
తెల్లవార్లూ అదురుతూనే ఉందట.
తీసి చూసి, మళ్లీ బొగ్గే వేశాడు.
బయట మైనస్ ముప్పై ఒకటి,
వేరే ఏం వేస్తాడు?

ఇప్పుడా పేట నొక్కితే
కడ్డీలు తెర పై అంచును గుద్దుకుంటాయి.
గీత ఎక్కడో అడుగున,
చీలమండ దగ్గర కట్టిన దారంలా.

పై అంతస్తు నుంచి ఫోను:
బొమ్మ వికారంగా ఉంది,
గీత కనబడటం లేదు, సరిచేయండి.

నా చేతిలోంచి ఫోను తీసుకుంది నొమిన్‌తూయా.
"ఉందండీ,
కొంచెం కిందికి చూడండి."