ఖాళీ ఇడిసిన జాగ

కాజీపేట షెడ్డు గేటు పక్కన
పట్టాలు ఎటూ పోని చోట నిలబెట్టిన ఇంజన్ను
మూడు ఆదివారాలుగా గీస్తున్నాను.
మొదటివారం రేకుడబ్బాలా వచ్చింది, చింపేశాను.
రెండోవారం దానిమీద కుక్క నడిచిపోయింది.

ఎండ ముదిరితే కాగితం మీది నీళ్లు
పారకముందే ఇంకిపోతాయి,
అందుకే పొద్దున ఆరింటికే వస్తాను,
మడతకుర్చీ, రెండు కుంచెలు,
హార్లిక్స్ సీసాలో బోరు నీళ్లు.

వరంగల్ వైపు ఎక్స్‌ప్రెస్ దాటినప్పుడల్లా
నేల వణికి నా గీత వంకరపోతుంది.
ఇంజను కదలదు.
దాని కాళ్లకింద సిమెంటు దిమ్మె కట్టారు.

నలుపు ట్యూబు తెచ్చుకోలేదు.
నీలంలో ఇటుక ఎరుపు కలిపి
బాయిలరు కడుపు కింద నీడ దింపాను,
పైన, ఆకాశం తగిలిన చోట
కొంచెం పల్చన.
చక్రాల చువ్వలు మాత్రం లొంగలేదు,
ఒకటి ఆరేలోపు ఇంకోదానిలో కలిసిపోతుంది.

ఓదేలు తాత పాలప్యాకెట్ పట్టుకొని ఆగాడు.
ఇరవై రెండేండ్లు పార పట్టినవాడు,
కుడి భుజం ఇప్పటికీ ఎడమదానికంటే కిందికే.
"నల్లగ లేదేంది బిడ్డా?"
అని, తనే వంగి చూసి,
"నిజమే, నూనెగుడ్డతోటి తుడిసినంక
నీలంగనే మెరిసేది" అన్నాడు.

గుప్పెట్లో బొగ్గు నలిపి
మందమర్రిదో బెల్లంపల్లిదో చెప్పేవాడట.
లోపలి మంట ఏ రంగని అడిగితే
మోదుగుపువ్వన్నాడు, కాదన్నాడు,
పువ్వును చూస్తే కండ్లు మండవు కదా అన్నాడు.

"మరి పొగేది?"

పొగగొట్టం మీద జానెడు మేర
కుంచె తాకని కాగితం.
నీళ్లరంగుల్లో తెలుపు వేయం తాతా,
వదిలేస్తాం.

చాలాసేపు అక్కడే చూశాడు.
"పొగ నల్లగ లేసిందంటే
ఫైర్‌మన్‌కు పని రాదన్నట్టు.
డ్రైవర్ సాబ్ ఒక్కసారి మర్రి సూసేటోడు,
గంతే, తిట్టుడు గూడ లేదు.
బొగ్గు పల్చగ పరిసి, తలుపు తెరిసి మూసి,
గడ్డ ఎక్కంగ గూడ తెల్లగనే పంపేటోన్ని.
నువ్వు ఖాళీ ఇడిసినవ్ సూడు,
గది నా పనే."

చువ్వలు ఇంకా నాలుగు మిగిలాయి.
సీసాలో నీళ్లు పారబోయబోతే
చెయ్యి అడ్డం పెట్టి ఎండకు ఎత్తి చూశాడు,
నీలమూ కాదు, ఎరుపూ కాదు, అడుగున మసి.

"డ్యూటీ దిగి మొకం కడిగితె
మొదటి బకెట్ల గిట్లనే ఉండేది."

పాలు ఇరుగుతయని వెళ్లిపోయాడు.