పన్నెండు చొక్కాల దూరం

పొళిచలూరులో మా ఇస్త్రీ బండి మీద
ముందు రేకు వణుకుతుంది,
తర్వాత చెంబులో నీళ్లు,
ఆ తర్వాతే వినపడుతుంది విమానం.

సాయంత్రం ఆరూ పదికి లేచేది బెంగళూరుది.
మిస్డ్ కాల్ ఒకటిస్తాను
దేవనహళ్ళిలో మా అన్న మునెప్పకి.
టాక్సీ సీటు వాల్చుకుని పడుకున్నవాడు
లేచి మొహం కడుక్కుంటాడు.

మూడో వీధి సారు చెప్పాడొకసారి
పంచెలు లెక్కపెట్టుకుంటూ,
గాలిలో రెండొందల తొంభై కిలోమీటర్లేనంట,
నేల మీదైతే మూడొందల యాభై.
మిగతా అరవై ఏమయ్యాయని అడిగాను.
"మలుపులమ్మా" అన్నాడు.

అన్నకీ నాకూ మధ్య ఉన్నదంతా
ఆ అరవైలోనే ఉందనుకుంటా:
వేలూరులో బస్సు మారడం,
కృష్ణగిరిలో నడిరాత్రి చలి,
అమ్మ కమ్మల దగ్గర వాడన్న ఒక మాట,
నేను తిరిగి అన్నది.

గంటలు నాకు కుదరవు. చేతికి చొక్కాలే తెలుసు.
కాలరు, భుజం, చేతులు, వీపు, ముందు రెండు పలకలు,
నాలుగు నిమిషాలకొకటి.
గంజి పెట్టిన చీర మధ్యలో దూరితే లెక్క తప్పుతుంది,
అందుకే ఆ వేళకి చీరలు ముట్టను.
పన్నెండో చొక్కా బొత్తాల సందున పెట్టె మొన తిప్పేసరికి
అటునుంచి మిస్డ్ కాల్.
చక్రాలు నేలకి తగిలాయని.

దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి.
పలమనేరు ఏటి ఒడ్డున ఆరిన దుప్పట్లకి
వాడొక కొస, నేనొక కొస.
ఎదురు నడిచి కొసలు కలిపి, మళ్లీ వెనక్కి.
ఇద్దరమూ ఎన్నడూ ఎక్కని విమానాన్ని
ఇప్పుడట్లా పట్టుకుంటున్నాం.

మొన్న పన్నెండయ్యాయి.
పదిహేను.
బొగ్గులు విసిరి మళ్లీ నింపాను. పద్దెనిమిది.
ఫోను బండి మీద చెక్కలా పడుంది.
ఇరవై రెండోదానికి రేకు వణికింది,
చెంబులో నీళ్లు వణికాయి,
పడమటి నుంచి కాళ్లు దించుకుని
పోయింది పోయినట్టే వెనక్కొచ్చింది.

ఈసారి మిస్డ్ కాల్ కాదు, మోగనిచ్చాను.
"ఎవురి కోసరం నిలబడుండావునా?"
"ఎవురో వరదరాజులంట. పేరు రాసిన అట్ట
వానకి నానిపోతాంది."
"మీ వరదరాజులు నా నెత్తిన దిగతాండాడు లే."

నవ్వాడు.
రెండేళ్లయింది ఆ నవ్వు విని,
ముందు గొంతు, తర్వాత దగ్గు.
బాడుగ పోయిందన్నాడు.
ఫోను నేను పెట్టలేదు, వాడూ పెట్టలేదు.
వాడి కారు మీద కురిసే వాన
నా చెవిలో చాలాసేపు కురిసింది.

మంగళవారం సారుకి ఏదో ఒకటి చెప్పాలి,
ఇరవై మూడో చొక్కా
జేబు పక్కన ఆ గోధుమరంగు మచ్చ
ఎక్కడిదో.